అయిదుగురి బ్యాచ్‌లో పనంతా నేనే చేస్తున్నాను, ఏం చేయమంటారు?

ప్రశ్న:

అక్కా, నేను తిరుపతిలో బీటెక్ ఫైనల్ ఇయర్ చదువుతున్నాను. మాది పాకాల పక్కన పల్లె. ప్రాజెక్టుకి మేం అయిదుగురం ఒక బ్యాచ్. మా ఊరి పాల కేంద్రానికి పనికొచ్చేలా ఒక యాప్ చేస్తున్నాం. రైతు పోసిన పాలెంత, ఫ్యాట్ ఎంత, ఎస్ఎన్ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే గట్టి పదార్థం) ఎంత అని కొడితే బిల్లు వచ్చేయాలి. ఆలోచన నాది. పాల కేంద్రానికి వెళ్ళి వివరాలన్నీ రాసుకొచ్చింది నేను. కోడ్ కూడా ముప్పావు భాగం నేనే, హాస్టల్లో రాత్రి రెండు దాకా కూర్చుని రాశాను.

ఇంటర్ నుంచీ నాకు ఫ్రెండ్ అయిన అమ్మాయి డాక్యుమెంటేషన్ తీసుకుంది. ఇంకా పది పేజీలు కాలేదు. ఒక అబ్బాయి పుత్తూరు నుంచి రోజూ రైల్లో వస్తాడు, సాయంత్రమైతే దొరకడు. ఇంకొకతను బస్టాండు దగ్గర లాడ్జిలో నైట్ డ్యూటీ చేస్తాడు, ఎప్పుడడిగినా ‘అయిపోతుంది’ అంటాడు. స్క్రీన్లు చేసే అబ్బాయి ఒక్కడే చెప్పిన టైముకి ఇచ్చాడు. తీరా చూస్తే అతను పాలు లీటర్లలో కొట్టేలా పెట్టాడు, నేను లెక్కంతా కిలోల్లో రాశాను. రెండో రివ్యూలో బిల్లు నూటికి దాదాపు మూడు రూపాయలు తక్కువ వచ్చింది. ‘మీది బ్యాచ్ కాదు, గుంపు’ అని గైడ్ సార్ అందరి ముందూ అన్నారు. ఆ రాత్రి చాలా ఏడ్చాను.

ఫైనల్ రివ్యూకి మూడు వారాలుంది. పని చేయని ఇద్దరి పేర్లు తీసేయమని సార్‌ని అడగనా? సీనియర్ అన్న ఒకాయన కోడింగ్‌లో గట్టి, ఆయన్ని సాయం పిలవనా? రేపు ఉద్యోగంలోనూ ఇంతే అయితే ఒంటరిగా చేసుకునే పనేదైనా వెతుక్కోవాలనిపిస్తోంది. అలా అనుకోవడం తప్పా?

ఒక విద్యార్థిని, తిరుపతి

సమాధానం:

అమ్మా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి ఒక మాట దగ్గర ఆగిపోయాను. ‘పాల కేంద్రానికి వెళ్ళి వివరాలన్నీ రాసుకొచ్చింది నేను’ అన్నావు. అంటే మిగతా నలుగురూ ఆ పాల కేంద్రం ఇంతవరకూ చూడలేదు. నీ కష్టాన్ని తక్కువ చేయడానికి ఇది చెప్పడం లేదు. రాత్రి రెండు దాకా మేలుకుని కోడ్ రాయడమంటే ఏమిటో నాకు తెలుసు. అయినా లీటర్ల తప్పు పుట్టింది రివ్యూ గదిలో కాదు, నువ్వు ఒక్కదానివే ఊరికి బస్సెక్కిన రోజున.

మీ ఊళ్ళో పాలు పోసేటప్పుడు ఏం జరుగుతుందో నువ్వు చిన్నప్పటి నుంచీ చూస్తున్నావు. గిన్నెలో పాలు తూకం మిషను మీదికి పోతాయి, కిలోల్లో అంకె పడుతుంది. రేటు పట్టీ కూడా కిలోకే కట్టి ఉంటుంది. కాబట్టి నీకు పాలంటే కిలోలు. టౌనులో పెరిగిన అబ్బాయికి పాలంటే అర లీటరు ప్యాకెట్టు. అతను లీటర్లని పెట్టాడు. ఇద్దరూ తమకు తెలిసినదే రాశారు. నువ్వు చెప్పలేదు, అతను అడగలేదు.

లీటరు పాలు సుమారు 1.03 కిలోలు తూగుతాయి. నీ బిల్లులో నూటికి మూడు రూపాయలు పోయింది అక్కడే. ఒక రైతు రోజుకి 8 లీటర్లు పోస్తాడనుకో. తూకం వేస్తే 8.24 కిలోలు. మీ యాప్ దాన్ని 8 కిలోలే అనుకుంటుంది. కిలో 38 రూపాయలనుకున్నా రోజుకి 9 రూపాయల పైన, నెలకి 270 రూపాయల పైన ఆ ఇంటికి తక్కువ వస్తాయి. రెండావులు పెట్టుకుని బతికే ఇంట్లో ఆ డబ్బు ఎంతో నీకు నేను చెప్పక్కర్లేదు. గైడ్ సార్ మాటకి బాధపడ్డావు, నిజమే. ఆ తప్పు మీ ఊరి చీటీల మీదికి ఎక్కకముందే రివ్యూలో బయటపడింది చూడు, అది మంచిదైంది.

ఇలాంటి తప్పు మీ అయిదుగురికే జరిగిందనుకోవద్దు. 1999 సెప్టెంబరు 23న నాసా వాళ్ళ మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే అంతరిక్ష నౌక అంగారకుడి దాకా వెళ్ళి, అక్కడ పోయింది. నేల మీద లెక్కలు కట్టే ఒక ప్రోగ్రాం థ్రస్టర్ల (నౌకను నెట్టే చిన్న ఇంజన్ల) తోపుడును పౌండ్ల లెక్కలో ఇచ్చింది. దారి చూసే బృందం ఆ అంకెలు న్యూటన్లలో ఉన్నాయనుకుంది. రెండింటికీ తేడా దాదాపు నాలుగున్నర రెట్లు. 226 కిలోమీటర్ల ఎత్తులో వెళ్ళాల్సిన నౌక 57 కిలోమీటర్ల దాకా దిగిపోయిందని తర్వాత తేలింది. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటుంది. దారి లెక్కలు ఏదో తేడాగా ఉన్నాయని కొందరికి నెలల ముందే అనిపించింది. తమలో తాము అనుకున్నారు. గట్టిగా పైకి చెప్పి, తేలేదాకా వదలకుండా పట్టుకున్నవాళ్ళు లేకపోయారు. మీ బ్యాచ్‌లో కూడా బిల్లు చూసి ‘ఇదేంటి తక్కువొచ్చింది’ అని మనసులో అనుకున్నవాళ్ళు ఒక్కరైనా ఉండే ఉంటారు. కనుక్కో.

ఇక పని చేయనివాళ్ళ సంగతి.

ఫ్రాన్సులో మాక్స్ రింగెల్‌మాన్ అనే వ్యవసాయ ఇంజనీరు మనుషుల చేత తాడు లాగించి, ఎవరి బలం ఎంత పడుతోందో కొలిచాడు. ఆ లెక్కలు 1913లో అచ్చయ్యాయి. ఎనిమిది మంది కలిసి లాగినప్పుడు ఒక్కొక్కరి వంతు బలం, ఒంటరిగా లాగినదాంట్లో సగానికే వచ్చింది. అందరి పట్టూ ఒకే క్షణాన పడదు కాబట్టి కొంత పోతుంది. మిగతాది మనసులో పోతుంది. 1974లో అమెరికాలో కళ్ళకి గంతలు కట్టి, వెనక ఇంకా మనుషులున్నారని నమ్మించి లాగించారు. నిజానికి లాగుతున్నది ఒక్కరే. అయినా బలం తగ్గింది. తర్వాత వేరే పరిశోధకులు చప్పట్లు, కేకలు పెట్టించి కొలిచారు. ఎవరి శబ్దం ఎంతో విడిగా తెలుస్తుందని ముందే చెప్పినప్పుడు ఆ తగ్గుదల దాదాపు కనపడలేదు.

తిరుచానూరు అమ్మవారి బ్రహ్మోత్సవాల్లో ఎనిమిదో రోజు తేరు లాగడం నువ్వు చూసే ఉంటావు. మోకు పట్టుకున్నవాళ్ళందరూ లాగరు. చాలామంది చెయ్యి తగిలించి కళ్ళకద్దుకుంటారు. దేవుడి దగ్గర అది తప్పు కాదు. ఇప్పుడు చక్రాల పక్కన చెక్కలు పట్టుకుని నడిచేవాళ్ళని తలుచుకో. తేరు వీధి మలుపు తిరగాలన్నా, వాలులో ఆగాలన్నా సరైన క్షణంలో చక్రం కింద చెక్క పడాలి. వాళ్ళు మూరెడు మోకు కూడా లాగరు. కానీ వాళ్ళలో ఒక్కరు ఏమరినా వీధంతటికీ తెలిసిపోతుంది, ఎవరి చక్రం వారిది కాబట్టి.

మీ అయిదుగురిలో ఎవరి చక్రం ఏదో ఎప్పుడైనా చెప్పుకున్నారా? ‘డాక్యుమెంటేషన్ నువ్వు, టెస్టింగ్ నువ్వు’ అని మొదటి రోజు క్యాంటీన్‌లో టీ తాగుతూ అనుకుని ఉంటారు. అది మోకు మీద చెయ్యి వేయడం లాంటిదే. నీ ఫ్రెండ్ సంగతే చూడు. ఆ అమ్మాయి ఏం రాయాలి? కోడ్ నీ ల్యాప్‌టాప్‌లో ఉంది, పాల కేంద్రం నీ తలలో ఉంది. పది పేజీలు కాలేదని నీకు కోపం. ఆ మిగతా పేజీల్లో రాయాల్సినది నీ దగ్గరే ఉండిపోయిందేమో అని నాకు అనుమానం.

‘అయిపోతుంది’ అనే అబ్బాయి గురించి నాకు బాగా తెలుసు. ఎందుకంటే ఆ మాట అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. తిరుపతిలోనే ఎంసీఏ చదివి చెన్నైలో మొదటి ఉద్యోగంలో చేరాను. ఏడుగురి టీం. జీతాల చీటీలు ప్రింట్ అయ్యే ముక్క నాకిచ్చారు. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. అడిగితే ఈ మాత్రం రాదా అనుకుంటారని భయం. పొద్దున అడిగితే ‘అయిపోతుంది’, సాయంత్రం అడిగితే ‘రేపటికి అయిపోతుంది’. పదకొండు రోజులు అలాగే గడిపాను. నా పక్కన కూర్చునే ఆయనకి నా ముక్క వస్తేగాని తన పని కదలదు. ఆయన మొహం చూడలేక భోజనానికి వేరే టైములో వెళ్ళేదాన్ని. పన్నెండో రోజు టీంలో పెద్దావిడ ఒకరు నా దగ్గరికి కుర్చీ లాక్కుని కూర్చుని, ‘అయిందా అని అడగను, ఎంత వరకు ఉంటే అంత చూపించు’ అన్నారు. చూపించడానికి నా దగ్గర ఇరవై వరసల కోడ్ ఉంది, అదీ తప్పే. ఆవిడ కోప్పడలేదు. అరగంట కూర్చుని ఒక చీటీ నాతో చేయించారు. మిగతావి మూడు రోజుల్లో నేనే పూర్తి చేశాను.

అప్పటినుంచి నేను ఎవరినీ ‘అయిందా’ అని అడగను. ఆ ప్రశ్నకి ఔననో కాదనో చెప్పేసి తప్పించుకోవచ్చు. ‘చూపించు’ అన్నామంటే ఇద్దరం ఒకే స్క్రీన్ చూస్తాం. లాడ్జి అబ్బాయి దగ్గర కూర్చుని ఒక్కసారి అలా అడిగి చూడు. అతను రాత్రంతా మేలుకుని పొద్దున క్లాసుకి వస్తున్నాడు. ఒళ్ళు వంగకపోవడమా, పని రాకపోవడమా, నిద్రా, నీకు అరగంటలో తెలిసిపోతుంది. మూడింటికీ మందు వేరు.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి, ఇది నాకు చెప్పుకోవడం కష్టమైనదే. చాలా ఏళ్ళ తర్వాత నేను టీం లీడ్ అయ్యాను. అప్పుడు నేను నీలాగే ఉండేదాన్ని. ఎవరి పనైనా కాస్త వెనకబడితే రాత్రి కూర్చుని నేనే చేసేసేదాన్ని. అది వాళ్ళకి సాయమనుకున్నాను. ఒక అమ్మాయి ఉద్యోగం మానేసి వెళ్తూ, ‘మీ దగ్గర ఏడాది పనిచేశాను, నాదని చెప్పుకునే పని ఒక్కటీ మిగల్లేదు’ అంది. ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు. నీ ఉత్తరంలో ‘నేనే’ అన్న మాట అన్నిసార్లు కనిపించేసరికి నాకు ఆ అమ్మాయే గుర్తొచ్చింది. ఊరు నీది, ఆలోచన నీది, పాలు పోసేవాళ్ళు నీవాళ్ళు, ల్యాప్‌టాప్ నీది. ప్రేమ కొద్దీ అంతా దగ్గర పెట్టుకున్నావు. మిగతా నలుగురికీ అది మార్కుల పనిగానే మిగిలిపోయింది.

పేర్లు తీసేయమని ఇప్పుడైతే అడగొద్దు. ఎవరి వంతు ఏమిటో నోటితో తప్ప ఎక్కడా చెప్పుకోనప్పుడు, చేయలేదని పైకి వెళ్ళి చెప్పడం న్యాయం కాదు. ముందు ఒక కాగితం మీద రాయండి. ఎవరు, ఏం, ఏ తేదీకి, ఏ కొలతలో. ఆ చివరి మాట వదిలిపెట్టొద్దు: పాలు కిలోల్లో, ఫ్యాట్ శాతంలో, డబ్బు రూపాయి పైసల్లో, తేదీలో ముందు రోజా నెలా. ఇవి చూడటానికి చిన్న విషయాలే, మీ రివ్యూ పోయింది మాత్రం వీటివల్లే. అయిదుగురూ ఆ కాగితం ఫొటో తీసి పెట్టుకోండి. పది రోజుల తర్వాత కూడా ఒకరి వంతు ఖాళీగానే ఉంటే, అప్పుడు సార్ దగ్గరికి వెళ్ళు, తప్పేమీ లేదు. వెళ్ళే ముందు ఆ మనిషికి మొహం మీదే చెప్పు, ‘రేపు సార్‌కి చెప్తున్నాను’ అని. అప్పటికీ కదలకపోతే మొహమాటపడొద్దు. చేసినవాళ్ళకీ చేయనివాళ్ళకీ ఒకే మార్కులు పడటం కూడా న్యాయం కాదు, ఆ విషయంలో నేను నీ పక్షమే.

నీ ఫ్రెండ్‌తో ఈ కాగితం కంటే ముందే, విడిగా, ఇద్దరే మాట్లాడుకోండి. గ్రూపులో మెసేజ్ పెట్టొద్దు. ఇంటర్ నుంచి ఉన్న స్నేహానికి ఆ మాత్రం మర్యాద ఇవ్వాలి.

కోడ్ ఈ రాత్రికే గిట్‌హబ్‌లోకి (ఇంటర్నెట్‌లో కోడ్ దాచుకుని అందరూ కలిసి పనిచేసుకునే చోటు) ఎక్కించి అయిదుగురికీ తెరిచిపెట్టు. హాస్టల్లో ల్యాప్‌టాప్ మీద నీళ్ళు పడితే నాలుగు నెలల పని పోతుంది, అదొక కారణం. ఎవరు ఏ రోజు ఏం మార్చారో అక్కడ నిలిచి ఉంటుంది, అది రెండో కారణం. అలాగని వరసలు లెక్కపెట్టి ఎవరు ఎక్కువ చేశారో తేల్చొద్దు. పుత్తూరు అబ్బాయికి నేనైతే ఒక పని ఇస్తాను: మీ ఊరి కేంద్రంలో అడిగి నెల రోజుల పాత చీటీలు ఫొటో తీసుకోండి, రైతుల పేర్లు మూసేసి. అతను రైల్లో కూర్చుని ఫోన్లోనే ఒక్కొక్క చీటీ యాప్‌లో కొట్టి, వచ్చిన బిల్లు చీటీలోని బిల్లుతో కలుస్తోందో లేదో రాసిపెట్టాలి. పోను గంట, రాను గంట అనుకున్నా వారంలో వందల చీటీలు చూడొచ్చు. అతను ఒక్క వరస కోడ్ కూడా రాయడు. లీటర్ల తప్పు లాంటిది ఇంకొకటి ఎక్కడైనా దాగి ఉంటే పట్టుకునేది మాత్రం అతనే.

సీనియర్ అన్న విషయం. ఐబీఎంలో పెద్ద ఆపరేటింగ్ సిస్టం పని నడిపించిన ఫ్రెడ్ బ్రూక్స్ తన అనుభవం మీద 1975లో ఒక మాట రాశాడు. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనిలోకి కొత్త మనుషుల్ని తెస్తే అది ఇంకా ఆలస్యమవుతుందని. కొత్తగా వచ్చినవాళ్ళకి చెప్పాలి కదా, ఆ చెప్పేది ఇప్పటికే పనిలో మునిగి ఉన్నవాళ్ళే. పైగా అయిదుగురి మధ్య మాట్లాడుకోవాల్సిన జంటలు పది. ఆరో మనిషి వస్తే పదిహేను. ఉన్న పదిలోనే ఒక జంట మాట్లాడుకోక లీటర్లు కిలోలయ్యాయి. ఆ అన్నకి ఒక సాయంత్రం కోడ్ చూపించి తప్పులు చెప్పమనండి, అది మంచిదే. రాసిపెట్టమని మాత్రం అడగొద్దు. వైవాలో బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్ అడిగితే జవాబు చెప్పాల్సింది మీరు.

రివ్యూలో ఎవరి ముక్క వారే చెప్పండి. ముందు రోజు ఒకసారి మాత్రం తారుమారు చేసి చూసుకోండి. నీ లెక్క స్క్రీన్ల అబ్బాయి వివరించాలి, అతని స్క్రీన్ నువ్వు. ఎక్కడ తడబడతారో అక్కడే అడిగి తెలుసుకోవచ్చు.

ఒంటరి పని గురించి అడిగావు. అలా అనిపించడం తప్పు కాదు, అలసటలో నాకూ అనిపించింది. కానీ ఇంట్లో కూర్చుని ఒక్కదానివే యాప్ చేసినా దాన్ని వాడేది పాల కేంద్రంలో కూర్చునే మనిషి. ఆయన ఏ కొలతలో ఆలోచిస్తాడో అడగాల్సిందే. ఇంటర్వ్యూల్లో ‘టీంలో గొడవ వస్తే ఏం చేశావు’ అని తప్పకుండా అడుగుతారు. అప్పుడు ఈ లీటర్లు, కిలోల కథ ఉన్నది ఉన్నట్టు చెప్పు. అందులో నీ వంతు తప్పు కూడా చెప్పు. నేను మనుషుల్ని ఉద్యోగంలోకి తీసుకునే చోట కూర్చున్నప్పుడు, అంతా నేనే చేశానన్నవాళ్ళ కంటే ఇలా చెప్పినవాళ్ళనే ఎక్కువ నమ్మాను.

ఇవన్నీ కాక, అన్నిటికంటే ముందు చేయాల్సింది ఒకటుంది. అయిదుగురూ కలిసి మీ ఊరికి వెళ్ళండి. పొద్దున్నే పాలు పోసే వేళకి అక్కడుండాలి. వరసలో నిలబడ్డవాళ్ళు గిన్నెలు పట్టుకుని ఆ తూకం అంకె వైపు ఎలా చూస్తారో, ఫ్యాట్ ఎంతొచ్చిందని ఎలా అడుగుతారో మిగతా నలుగురూ కళ్ళారా చూడాలి. స్క్రీన్ల అబ్బాయి తన ఫోన్ అక్కడ పాలు కొలిచే మనిషి చేతికిచ్చి, పక్కన నిలబడి, నోరు మెదపకుండా చూడాలి. తడి వేళ్ళతో ఆయన ఆ చిన్న బటన్లు నొక్కగలడో లేడో అప్పుడు తెలుస్తుంది. లాడ్జి అబ్బాయికి వారంలో ఏ రోజు సెలవో ముందే కనుక్కుని ఆ మర్నాడు పెట్టుకోండి. పుత్తూరు అబ్బాయి పొద్దున రైలుకి బయల్దేరితే పాలు పోసే వేళకి అందుకోలేడేమో, ముందు రోజు రాత్రికే మీ ఇంటికి రమ్మను. మీ అమ్మకి ముందే చెప్పు, నలుగురికి అన్నం వండాలి కదా.